లెక్క ముందున్న మాటలు

మాచర్ల బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పిన మొదటి ఏడాది, ఒక మెకానిక్ గారి అమ్మాయి నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. ఐదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివింది. భాగహారాలు చకచకా చేసేది. మాటల్లో ఇచ్చిన లెక్కలు మాత్రం ఖాళీగా వదిలేసేది.

“ఏందమ్మా, ఇవి ముట్టుకోలేదే?” అన్నాను.

“లెక్క వచ్చు టీచర్. ముందున్న మాటలే తెలీవు.”

పక్క పిల్ల చేత ఉర్దూలో చెప్పిస్తే, అందరికన్నా ముందే చేసి చూపించింది. మర్నాటి నుంచి బోర్డు మీద లెక్కల్లో మాటల బదులు బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. తెలుగు బాగా చదివేవాళ్లు గొణిగారు.

“బొమ్మలెందుకు టీచర్, మేం పెద్దోళ్లం గదా.”

కొత్త లెక్కలు తయారుచేసే పని వాళ్లకు అప్పజెప్పాను. ఈ బెంచీ దగ్గరుంటే ఆ బెంచీ వాళ్లు ఏం చేస్తున్నారోనని, పీరియడంతా నా కాలు ఒకచోట నిలిచేది కాదు.

ఒకరోజు ఆ అమ్మాయే అడిగింది. “పరీక్ష పేపర్లో బొమ్మలుంటయ్యా టీచర్?”

“ఉండవమ్మా” అన్నాను. ఇంటికెళ్లినా మనసు కుదురుగా లేదు.

మర్నాడు ఒక బొమ్మ తగ్గించి, ఆ చోట ‘మిగిలినవి’ అని తెలుగులో రాశాను. ఆమె పెదవులు కదుపుతూ చదువుకుని, ఎవరినీ అడగకుండానే తీసివేత మొదలుపెట్టింది. తర్వాత ఏ బొమ్మ తీసెయ్యాలా అని నేను అప్పుడే బోర్డు వైపు చూస్తున్నాను.