ఇంకో అర చుట్టు

అరచెయ్యి టైరు మీద పెట్టి లోపలి అంచు నుంచి బయటికి నడిపాను. పట్టులా జారింది. బయటి నుంచి లోపలికి లాగేసరికి రబ్బరు పళ్ళు వేళ్ళకు గుచ్చుకున్నాయి. నిన్న పొద్దున కోల్‌కతాలోనే గార్డెన్ రీచ్ నుంచి వచ్చిన కారు అది. స్ప్రింగులు మార్పించి నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున దించారు. యజమాని నా చెయ్యి వంక అనుమానంగా చూసి, "లేజరు యంత్రం ఉందిగా దాదా, తడిమి ఏం చూస్తారు?" అన్నాడు. యంత్రం ఎలాగూ చెబుతుంది. అయితే టైరు ఎందుకు అరుగుతోందో తడిమి తెలుసుకోవచ్చని యంత్రం కంటే ముందు నాకు చెప్పినవారు సింహాచలం మావయ్య.

మావయ్య అంటున్నానే గాని మా మధ్య చుట్టరికం లేదు. శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక సందు మలుపు దగ్గర ఆయనకు చక్రాల అమరిక సరిచేసే షెడ్డు ఉండేది. బెంగాలీలు సింహదా అని పిలిచేవారు. పొడవైన ఖాకీ చొక్కా, దాని జేబులో ఒక దారపు ఉండ, ఒక ఉక్కు స్కేలు. కారుకు రెండు పక్కలా దారం సూటిగా లాగి కట్టి, చక్రం ముందు అంచు, వెనక అంచు ఆ దారానికి ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలవడం ఆయన పద్ధతి.

నేను ఆయన దగ్గర చేరేటప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మా నాన్న నగరపాలక సంస్థలో పనిచేసేవారు. నా బడి చదువు పదితో ఆగిపోయింది. ఆ తరువాతిదంతా నేను గ్రంథాలయాల్లో సంపాదించుకున్నదే. వాట్‌గంజ్‌లో తెలుగువాళ్ళ సంఘం గదిలో ఉన్న ఒక్క బీరువా పుస్తకాలతో, ఇరవయ్యో ఏట కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకున్నాను. పక్క వీధి బెంగాలీ గ్రంథాలయంలో ఒక లావుపాటి ఇంగ్లీషు మోటారు పుస్తకం దొరికితే నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆ ధైర్యంతోనే మొదటి రోజే మావయ్యకు పాఠం చెప్పబోయాను. కారు దింపితే చక్రాల తలలు లోపలికి వాలతాయి, అందుకే టైరు లోపలి అంచు అరుగుతుంది అన్నాను.

"ఆ పుస్తకం రాసినాయన టైరు ముట్టుకున్నాడేటి?" అని మావయ్య కాలి చెప్పు తీసి నా ముందు తిరగేశారు. మడమ ఒక పక్కే అరిగిపోయి ఉంది. "వాలినంత మాత్రాన ఇంత తొరగా అరగదురా. నాను పాదాలు బయటికి తిప్పి ఈడుస్తాను. అందుకే ఇది ఇలాగయిపోనాది. చక్రం వాలిందా అని తరవాత సూడు. ముందు ఈడుస్తాందా అని సూడు."

"లైబ్రరీ బాబుకి చెప్పుతో చదువు చెబుతున్నారు," అని కారు కింద నుంచి బాపీ నవ్వాడు. బాపీ నా ఈడువాడే, ఖిదిర్‌పూర్ బెంగాలీ. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో నా పేరు లైబ్రరీ బాబు. నేను సాయంత్రం వెళ్ళి పుస్తకం తెరిస్తే, మావయ్య చెప్పిన మాట తరువాతి అధ్యాయంలోనే ఉంది. నేను అక్కడిదాకా చదవలేదు.

మావయ్యకు ఒక నియమం ఉండేది. సరిచేశాక కారును ఒక మనిషి పొడవంత ముందుకు తోసి, నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టి, మళ్ళీ కొలవాలి. "దించిన కారు మనిషి బరువుకే మాట మారుస్తాది," అనేవారు. మామూలుగా ఆయన కింద పడుకుని చక్రం దిశను సవరించే కడ్డీ తిప్పేవారు, నేను స్కేలు చూసి, అంకె రాగానే "చాలు" అనేవాణ్ణి. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయేది.

ఒకరోజు మావయ్య కళ్ళ పరీక్షకు వెళ్ళారు. పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించే అర్ణబ్ బాగా దించిన తన కారు తెచ్చాడు. మధ్యాహ్నం తల్లిని తీసుకుని చుట్టాల పెళ్ళికి అసన్‌సోల్ వెళ్ళాలట, తొందర. ముందు చక్రాలు లోపలికి తిరిగి ఉన్నాయి. బాపీ కింద దూరాడు. నేను స్కేలు చూశాను. పుస్తకంలో ఉన్న అంకె వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. "చాలు," అని గర్వంగా అట్ట మీద రాసుకున్నాను. రెండో చక్రానికీ అంతే. అంత చక్కటి అంకెను మళ్ళీ కొలవడం దేనికనిపించింది. అర్ణబ్ వెళ్ళిపోయాడు.

మావయ్య వచ్చి అట్ట చూశారు. "తోసి మళ్ళీ కొలిసినావా?"

"కొలిచేను మావయ్యా," అన్నాను.

మర్నాడు టీ తాగుతూ బాపీ హాస్యమాడాడు. "మీ లైబ్రరీ బాబు విచిత్రం సింహదా. అంకె రాసుకుంటూ కూడా చాలు అంటాడు. తుమి బొల్లే చాలు, ఆమి చాలు రాఖ్లామ్," అని నా వైపు తిరిగాడు.

నువ్వు చాలు అన్నావు, నేను చాలు ఉంచాను అంటున్నాడు. మనకు చాలు అంటే ఆపమని. బెంగాలీలకు చాలు అంటే నడుస్తూ ఉండాలని. నేను ఆపమన్న చోట అతను రెండు వైపులా ఇంకో అర చుట్టు తిప్పి మర బిగించాడు. రెండు వైపులా సమానంగా తప్పింది కనుక స్టీరింగు వంకర పోదు, అర్ణబ్‌కు తెలియదు. మావయ్య గ్లాసు కింద పెట్టి, "మళ్ళీ కొలిసినావు కదా?" అని నెమ్మదిగా అడిగారు. బాపీ ముందు ఒప్పుకోలేక తల ఊపాను.

మధ్యాహ్నం గ్రంథాలయానికి పోయి లెక్క వేశాను. అర చుట్టుకు చక్రం ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. చక్రం ఎత్తు ఆరు వందలు. అంటే ప్రతి రెండు వందల కిలోమీటర్లకు టైరు ఒక కిలోమీటరు అడ్డంగా ఈడ్చుకుపోతుంది. అసన్‌సోల్ రెండు వందల పైచిలుకు. ఆ కారుకు అసలే లోపలి అంచు పలచన. తిరుగు ప్రయాణంలో, పెద్ద రోడ్డు మీద, తల్లి పక్కన కూర్చుని ఉండగా అది పగిలితే? పుస్తకం మూసి షెడ్డుకు వచ్చాను.

"మావయ్యా, కొలవలేదు. రెండుసార్లూ అబద్ధం చెప్పేను."

ఆయన తిట్టలేదు. వెంటనే అర్ణబ్‌కు ఫోను చేసి టైరు తడమమన్నారు. "లోపల్నుంచి బయటికి వెన్న దాదా. బయట్నుంచి లోపలికి రాస్తే రంపం," అన్నాడు అర్ణబ్. "బండి కదపకు. రేపు మేమొస్తాం," అని మావయ్య ఫోను పెట్టేసి నాతో అన్నారు: "అరిగిన రబ్బరు మళ్ళీ రాదు. మిగిలింది కాపాడాల."

పొద్దున్నే హౌరాలో రైలెక్కాం. దారం, స్కేలు, రెండు పానాలు సంచిలో. దారిలో ఆయన ఒక్క మాటే అడిగారు. "బాపీ నవ్వుతాడనేనా?" అవునన్నాను. "ఆడు నవ్వితే ఏటి? సందేలకి మరిసిపోతాడు."

పెళ్ళివారింటి పక్క ఖాళీ స్థలంలో, మిఠాయిల కుండలు కడుగుతున్న వాళ్ళు చూస్తుండగా దారం కట్టాం. అంతకు ముందే మావయ్య నన్ను అర్ణబ్ ఎదుట నిలబెట్టి, "సెప్పు," అన్నారు. చెప్పాను. అర్ణబ్ కంటే అతని తల్లి నా ముఖం ఎక్కువసేపు చూసింది. తరువాత నేనే కింద పడుకుని తిప్పాను. కారు తోశాం, అర్ణబ్ సీట్లో కూర్చున్నాడు, మళ్ళీ కొలిచాను. అంకె కాస్త కదిలింది. మళ్ళీ తిప్పి, తోసి, మూడోసారి కొలిచాను.

"అయిందా?" అన్నారు మావయ్య.

"అయింది."

"అయితే ఎక్కు."

తిరుగు రైలుకు టికెట్లు కొనలేదు. అర్ణబ్, అతని తల్లి ముందు సీట్లలో, మేమిద్దరం వెనక. ఇద్దరి బరువుకు కారు ఇంకా కుంగి, గతుకు వచ్చినప్పుడల్లా కింద బరబరా రాసుకుంది. ఊరు దాటకముందే మావయ్య తల అద్దానికి ఆనించి నిద్రపోయారు. నోరు కొద్దిగా తెరుచుకుంది. నేను కోల్‌కతా దాకా కన్ను మూయలేదు. చక్రాల చప్పుడే వింటూ కూర్చున్నాను.

ఆయన షెడ్డు ఇప్పుడు లేదు. దారం బదులు నాకు యంత్రం ఉంది. నిన్నటి కారును కూడా తోసి, యజమానిని కూర్చోబెట్టి, మళ్ళీ కొలిచాకే వదిలాను. అతను విసుక్కున్నాడు. నా చేతి కింది నుంచి ఏ కారు రోడ్డెక్కినా, దాని వెనక సీట్లో ఎవరో తల అద్దానికి ఆనించి నిద్రపోతున్నారనే నా లెక్క.