అన్నయ్య క్వార్టర్లో మేం చుట్టాలం

జాముల్‌లో మా అద్దెగది పోయాక నేనూ మా అమ్మాయీ రుఆబాంధాలో అన్నయ్యకు కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌కు చేరాం. క్వార్టర్లో బయటివాళ్లను ఉంచుకున్నారని తెలిస్తే ఆఫీసువాళ్లు అన్నయ్యవాళ్లనే ఖాళీ చేయిస్తారు. అందుకే జాముల్‌లోని మా అమ్మాయి బడి నుంచి టీచరమ్మ రాగానే వదిన నా మోచెయ్యి గిల్లింది.

"ఇల్లు లేని పిల్లల లెక్క రాస్తన్నాం, దీదీ. మీరిక్కడే ఉంటన్నారా?"

"ఏటమ్మా, సుట్టపుసూపుకొచ్చినారు" అంది వదిన.

ఇల్లు పోయి బంధువుల పంచన చేరిన పిల్లను కూడా కొన్ని దేశాల్లో ఇల్లు లేనిదిగానే లెక్కిస్తారని, బడికి తీసుకెళ్లే బాధ్యత బడిదేనని నేను లైబ్రరీలో చదివాను. దూరం వల్ల మా అమ్మాయి చదువు ఆగిపోయేలా ఉంది. అయినా నోరు విప్పలేదు. ఈవిడ క్వార్టర్ల ఆఫీసులో చెప్పదని ఏమిటి నమ్మకం?

టీచరమ్మ దండెం మీది యూనిఫాం చూసింది.

"సుట్టపుసూపుకి యూనిఫాం కూడా తెచ్చినారా?"

వదిన దండెం మీంచి యూనిఫాం లాగేసింది.

"సరే, లెక్కలో రాయను. వ్యాన్ భయ్యాకి నేను చెప్తాను. సోమవారం పిల్లని చౌక్‌లో నిలబెట్టండి."

సోమవారం వ్యాను వచ్చింది. అమ్మాయిని ఎక్కించి, అన్నయ్య స్కూటీ మీద బడి గేటు దాకా వ్యాను వెనకే వెళ్లాను. అయినా నమ్మకం కుదరక మంగళవారం కూడా వెళ్లాను.