నురగకు ఎక్కని ఇసుక

కోస్గి పక్కనున్న రాళ్ల మిల్లులో జంగమ్మ మీద ఒక మాట పుట్టింది. ఆమె ఇసుక కడగడం మానేసిందట. పైపు వదిలేసి నీడన కూర్చుని వక్క నములుతుందట. అందుకే ఆ వేసవిలో నురగ ఉత్తిదే వస్తోందట.

ఆ మిల్లులో రాయిని ఇసుకలా నూరి, మట్టి పోయేలా కడిగి, మందు కలిపిన నీళ్లలో వేసి గాలి కొడతారు. మందు పట్టిన మంచి రాయి రేణువులు బుడగలకు అంటుకుని పైకి తేలతాయి. మిగతావి అడుగున ఉండిపోతాయి. పదకొండేళ్లుగా కడిగే తొట్టి దగ్గర జంగమ్మే. అంతకుముందు మట్టిపనికి ఊళ్లు పట్టుకుని తిరిగిన మనిషి. ఇంటి నుంచి నడిచి రాగల పని ఆమెకు ఇదొక్కటే దొరికింది.

"మల్లొకసారి కడుగు," అన్నాడు సూపర్‌వైజర్ కమలాకర్.

"మూడుసార్లు కడిగిన సారూ. చేతులు నానిపోయినయ్."

"కడిగితే తేలకపోతదా? సోమవారం సంది నువ్వు రాకు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇసుక జోలికి పోకుండా చేతులు రెండూ ఉత్త పైపు నీళ్ల కింద పెట్టి ఎండలో ఆరనిచ్చింది. అరచేతి గీతల నిండా సన్నటి ఎర్ర పొడి. తేటగా కనిపించే నీళ్లే!

నురగ తొట్టి చూసే సాల్మన్ దగ్గరికి విసవిసా నడిచింది. "తమ్మీ, గింజ గింజకూ మట్టి తొడుక్కున్నది. మందు ఏడ పడ్తది?"

"సారు మందు డబుల్ పోయమన్నడక్కా."

"గదంత మట్టే తాగుతాంది! నీకు కండ్లు లేవా?"

"నా మీద అరుస్తవేందే?"

"మరి సారు మీద అరవాల్నా?"

తాగడానికి తెచ్చుకున్న డబ్బా నీళ్లు కుమ్మరించి రెండు దోసిళ్ల ఇసుక కడిగింది. పైపు నీళ్లతో కడిగింది ఇంకో రెండు దోసిళ్లు. సాల్మన్ చిన్న తొట్టిలో ఒకదాని తర్వాత ఒకటి వేసి, ఒకే కొలత మందు పోసి గాలి పెట్టాడు. పైపు నీళ్ల ఇసుక అడుగునే పడుకుంది. డబ్బా నీళ్లది తెల్లగా, చిక్కగా అంచులదాకా పొంగింది.

"ఏం మంత్రమేసినవ్?" అన్నాడు కమలాకర్, వచ్చి చూసి.

"నా తాగే నీళ్లు పోసిన సారూ. ఇగ సాయంత్రందాంక నేనేం తాగాలె?"

అతను పైపు వెంబడి, అది మొదలయ్యే గుంటదాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చాడు. సోమవారం రమ్మన్నాడు. మిల్లులో వాళ్లు మాత్రం వక్క సంగతే ఇప్పటికీ చెప్పుకుంటారు.

బోరు ఎండిందని ఆమె పైపును ఒకసారి వాడేసిన నీళ్ల గుంటకు కలిపించింది కమలాకరే. అప్పటినుంచి జంగమ్మ రోజుకు మూడుసార్లు ఆ నీళ్లతోనే ఇసుక కడిగింది.