డ్రూసిల్లా అత్త నేర్పిన పేర్లు

స్కిల్లెట్ కోవ్ అనే మా ఊళ్ళో డ్రూసిల్లా కీపింగ్ చిన్నాపెద్దా అందరికీ అత్తే. పాత బడిగదిలో ఉన్న సైనికుల మ్యూజియం తాళంచెవి ఆమె జేబులోనే ఉండేది. మా న్యూఫౌండ్లాండ్ ద్వీపం చూడవచ్చిన బయటివాళ్ళు లోపలికి రాగానే తుపాకీ ఎక్కడుందని వెతికేవారు. ఆమె ముందు దగ్గుమందు సీసా చూపించేది.

"తుపాకీ ఎక్కడికీ పోదులే నాయనా. ముందు దీన్ని చూడు. ఇది మా నాన్నది."

వాళ్ళ నాన్న ఓబెడ్ మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువు పీల్చి ఇల్లు చేరాడు. కొన్నేళ్ళపాటు దగ్గి దగ్గి, వంటింట్లో పొయ్యి పక్కనే ప్రాణం వదిలాడు. యుద్ధభూమిలో పోలేదు కాబట్టి బయటి స్మారకశిల మీద ఆయన పేరు చెక్కలేదు. మనుషుల్ని యుద్ధానికి తోలేటప్పుడు అడ్డురాని నియమాలు, వాళ్ళను తలుచుకునేటప్పుడు మాత్రం ఎక్కడినుంచి ఊడిపడతాయో!

జూలై ఒకటిన కెనడా అంతా దేశం పుట్టినరోజు చేసుకుంటుంది. మా ద్వీపంలో మధ్యాహ్నం దాకా కేకు కొయ్యరు. ఆ మొదటి యుద్ధంలో అదే తారీఖున, ఫ్రాన్సులో, ఒక్క ఉదయంలో మా కుర్రాళ్ళు వందల్లో నేలకొరిగారు. వాళ్ళను మరవలేదన్న గుర్తుగా కోటుకు చిన్న నీలిపువ్వు గుచ్చుకుని రాయి చుట్టూ చేరతాం. ఒక్కో పేరూ చదువుతుంటే "మావాడే" అని ఊరంతా పలుకుతుంది. తన నాన్న పేరుకు ఊరు ఒక్కసారి ఆ మాట అంటే వినాలని అత్త ఆశ.

ఆ ఏడాది స్మారకసంఘానికి కొత్తగా అధ్యక్షుడైన ఆంబ్రోస్ రైడౌట్‌ను ఆమె రేవుకాడ పట్టుకుంది.

"కుదరదత్తా. రాతిమీద ఉన్నవే చదవాలి. ఇవాళ మీ నాన్నంటావు, రేపింకొకరు వస్తారు."

"రానీరా. వాళ్ళనీ చదువు. నోరేమైనా అరిగిపోతుందా?"

"రూలత్తా!"

"నీ ముక్కు తుడిచి, ఆ పేర్లన్నీ నోటికి నేర్పింది నేనురా. అప్పుడెక్కడికి పోయింది నీ రూలు?"

నిజమే. ఆదివారం బడిలో ఎక్కాల్లా రాగం తీసి మాకందరికీ ఆ పేర్లు నేర్పింది అత్తే.

జూలై ఒకటి ఉదయం సముద్రం మీదినుంచి పొగమంచు దట్టంగా కమ్మింది. సన్నగా జల్లు కూడా మొదలైంది. ఎంత తుడిచినా ఆంబ్రోస్ కళ్ళద్దాలు మసకబారుతూనే ఉన్నాయి. చేతిలో ఉన్న పేర్ల కాగితం కనబడలేదు.

"ఎందుకులే, నోటికొచ్చు," అంటూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చిన్నప్పటి రాగం అందుకున్నాడు.

"హైన్స్, జేబెజ్."

"మావాడే!"

"కీపింగ్, ఓబెడ్."

"మావాడే!"

నోళ్ళు ముందు పలికాయి. బుర్రలకు తర్వాత తట్టింది. అత్త నేర్పిన వరసలో హైన్స్‌కూ పెల్లీకీ మధ్య ఓబెడ్ ఎప్పుడూ ఉన్నాడు. ఎక్కం అప్పజెప్పేవాడు మధ్యలో అంకెను వదలలేడు కదా.

ఆంబ్రోస్ గబుక్కున కళ్ళు తెరిచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే... అది రాతిమీద..." అని నసిగాడు.

చేపలు ఎండబెట్టే మేబెల్ వెనకనుంచి కేకేసింది. "ఊరంతా పలికిన పేరు మళ్ళీ మింగుతావేంట్రా? ముల్లు గుచ్చుకుంటుంది, జాగ్రత్త!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ అత్త వైపే చూశారు. ఆమె కోటు మీద తడిసి వాలిన నీలిపువ్వును వేలితో నిలబెట్టింది.

"కానీరా ఆంబ్రోస్," అంది. "పెల్లీ తన వంతు కోసం వానలో నిలబడి ఉన్నాడు, పాపం."

"పెల్లీ, సైలస్," అన్నాడు ఆంబ్రోస్.