కోల్డ్ స్టోరేజీలో నా కొత్త రిలీజు

మూడు రోజులుగా మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతున్న తుమ్ముల వీడియో చూసే ఉంటారు. అందులో ముక్కు నాది. వెనకాల మోగే మ్యూజిక్ కూడా నాదే, కానీ ఆ సంగతి ఎవరూ అడగట్లేదు. అందుకని టీ తాగుతూ నేనే చెప్తున్నా, వినండి.

చీరాలలో నాకు సెల్‌ఫోన్ షాపుంది, అది పొట్టకి. మనసుకి మాత్రం నేను డీజే జాన్‌బాబు. పెళ్ళి ఊరేగింపుల డీజేని కాదు. నాది రెగ్గే, డబ్. రెగ్గే అంటే జమైకా వాళ్ళ పాట, భోంచేసి నడిచినట్టు తాపీగా ఉంటుంది. డబ్ అంటే ఆ పాటలో గొంతు తీసేసి, గుండెల్లో దడదడలాడే బేస్ ఉంచేసి, మధ్యమధ్యలో ఒక్కో మాటని నూతిలో అరిచినట్టు ఎకోలో తిప్పడం. ఈ రెండు ముక్కలు ఈ జిల్లాలో ఎంతమందికి చెప్పానో. అందరూ శ్రద్ధగా విని, అయితే డబ్బింగ్ పాటలన్నమాట అనేవాళ్ళు.

ఈ మధ్యనే కొత్త రీమిక్స్ రిలీజ్ చేశాను. పేరు ‘మగ్గం డబ్’. మా వీధి పవర్‌లూమ్ మోతని రికార్డ్ చేసి దానికింద బేస్ వేశాను. మా ఆవిడ సునీత విని, ఈ మోత కిటికీ తీస్తే ఉచితంగా వస్తుందిగా అంది. మా మామగారు మాత్రం చాలా బాగుందన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు ఆ మగ్గాల మధ్యే పనిచేసి చెవుడు తెచ్చుకున్నారు.

అలాంటి టైములో చిలకలూరిపేట అవతల నుంచి వెంకట్రావు గారని ఒకాయన ఫోన్ చేశారు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ కొత్తగా కట్టారట, ఓపెనింగ్‌కి మ్యూజిక్ కావాలట. ఏ పాటలైనా పర్లేదు, బాక్సులు మాత్రం పెద్దవి ఉండాలన్నారు. ఆర్టిస్టు జీవితంలో ఇంత స్వేచ్ఛ ఇచ్చేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? వెంటనే పోస్టర్ చేసి ‘అప్‌కమింగ్ గిగ్’ అని పెట్టాను. ఆరుగురు లైక్ కొట్టారు, ఆరుగురూ మా చుట్టాలే.

తీరా వెళ్తే నా టేబుల్ వేసిన చోటు పక్కనే ఎండుమిరపకాయల బస్తాలు. తొడాలు తీసే ఆడవాళ్ళు అక్కడే హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళకి ఆ ఘాటు అలవాటు. నేను నేతపేటలో పుట్టినవాణ్ణి, నా ముక్కుకి తెలిసింది నూలు దుమ్మే. అయినా కర్చీఫ్ కట్టుకుని ‘మగ్గం డబ్’ మొదలెట్టాను. రైతులు కాసేపు నా వైపు చూసి, కరెంటు ట్రబులేమో అనుకుని మాటల్లో పడ్డారు.

ముహూర్తం దగ్గరపడింది. గుమ్మానికి రిబ్బన్ కట్టారు. పైన వెంకట్రావు గారి నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీ. ఆయన కత్తెర పట్టుకుని నా వైపు చూసి, రిబ్బన్ కట్ చేస్తున్నామని మైకులో చెప్పవయ్యా అన్నారు. కర్చీఫ్ కిందికి లాగి, మైకు నోటి దగ్గర పెట్టుకుని గాలి పీల్చాను. అక్కడే దెబ్బతిన్నాను. మాట బదులు తుమ్మొచ్చింది. మైకుకేమో డబ్ ఎకో ఫుల్‌గా పెట్టి ఉంది. నా ఒక్క తుమ్ము రెండు వరసల బాక్సుల్లోంచి వెళ్ళి, రేకుల షెడ్డుకి తగిలి, మళ్ళీ మళ్ళీ వెనక్కొచ్చింది. తొడాలు తీసే ఒక పెద్దావిడ అలవాటు కొద్దీ ప్రతి ఎకోకీ ‘చిరంజీవ’ అంటూనే ఉంది.

వెంకట్రావు గారి కత్తెర రిబ్బన్ మీదే ఆగిపోయింది. ఆపింది వాళ్ళమ్మగారు. శుభమా అని గుమ్మం తెరుస్తుంటే ఒంటి తుమ్మేంట్రా అని కొడుకు చెయ్యి పట్టుకున్నారు. ఒంటి తుమ్మెక్కడమ్మా, ఏడెనిమిది వినపడ్డాయిగా అని ఆయన. రెండో తుమ్ము పడితే దోషం పోతుంది కదా, మరి ఎకోలో వచ్చినవి లెక్కలోకి వస్తాయా రావా? అక్కడున్న రైతులంతా రెండు పార్టీలయ్యారు. నా సంగీతం మీద జనం ఇంత లోతుగా చర్చించడం అదే మొదటిసారి.

చివరికి పంతులుగారు నా దగ్గరికొచ్చి, నువ్వు తుమ్మింది ఎన్నిసార్లు బాబూ అని అడిగారు. ఒక్కసారేనండీ, మిగతాది టెక్నిక్ అన్నాను. అయితే ఇంకొకటి తుమ్మాలి, వర్జ్యం వచ్చేస్తోంది అన్నారు.

చెప్పగానే తుమ్మొస్తుందా? సూర్యుడి వైపు చూశాను. ఎవరో దూదిని వత్తిలా చేసి ఇచ్చారు, అదీ ముక్కులో తిప్పుకున్నాను. రాలేదు. ఫోన్లన్నీ నా మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళలో నన్ను ఇంత శ్రద్ధగా చూసిన ఆడియెన్స్ లేదు, అదీ నేను వాయించనప్పుడు. ఆ టెన్షన్‌కి ఉన్న తుమ్ము కూడా లోపలికి పోయింది. ఆఖరికి నాకొక ఐడియా వచ్చింది.

“పంతులుగారూ, ఇందాకటి తుమ్ము రికార్డయ్యిందండీ. అదే ఇంకోసారి ప్లే చేయనా?”

ఆయన తల అడ్డంగా ఊపారు.

“రీమిక్స్ చెల్లదు నాయనా. ఒరిజినల్ కావాలి.”

ఎన్నో ఏళ్ళుగా రీమిక్సులే చేస్తున్నవాణ్ణి, ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఈలోగా అమ్మగారు బస్తాలోంచి ఒక కాయ తీసి, నా ముక్కు కింద పెట్టి ఫట్‌మని విరిచారు. “పీల్చు,” అన్నారు.

పీల్చాను. తుమ్మాను. జనమంతా “సరి!” అని అరిచారు. వెంకట్రావు గారు కత్తెర ఎత్తేలోపు ఇంకోటొచ్చింది. ఆయన ఆగిపోయారు. నాకేమో కళ్ళనిండా నీళ్ళు, చెవుల్లో హోరు, ఏమీ కనపడట్లేదు. జనం మాత్రం ఒక్క గొంతుతో “బేసి! బేసి!” అంటున్నారు.

నాకు మాత్రం “బేస్! బేస్!” అని వినపడింది.

ఏం చెప్పమంటారు. గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళకి పల్నాటి రైతు నా బేస్ అడుగుతున్నాడు. గుడ్డిగా తడుముకుని బేస్ మొత్తం పైకి తోసేశాను. రేకులు గడగడలాడాయి, బిర్యానీ గిన్నెల మీద మూతలు ఎగిరాయి. పైనున్న ఫ్లెక్సీ కర్ర కొక్కెంలోంచి ఊడి, వెంకట్రావు గారి నిలువెత్తు ఫొటో వెంకట్రావు గారి మీదే పడింది. రిబ్బన్ ఒక కొస ఆ కర్రకే కట్టారట, పుటుక్కున తెగింది. సరిగ్గా అప్పుడే నాకు నాలుగో తుమ్ము.

ఫ్లెక్సీ కింద ఆయన కదులుతున్నారో లేదో తెలియట్లేదు. నేను వైర్లు చుట్టుకుని పారిపోవడానికి దారి చూస్తున్నాను. పంతులుగారు వాచీ చూసుకుని, సరి సంఖ్య మీద గుమ్మం దానంతటదే తెరుచుకుంది, ఇంతకన్నా శుభం ఏముంటుందని, ఫ్లెక్సీ కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చిన వెంకట్రావు గారి మీద అక్షింతలు వేసేశారు. అమ్మగారు నాకు దగ్గరుండి భోజనం పెట్టించారు. కూరలో కారం ఎక్కువైందని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక ‘మగ్గం డబ్’ సంగతంటారా, నేను, మా మామగారు తప్ప పూర్తిగా విన్నవాళ్ళు లేరు. తుమ్ముల వీడియో మాత్రం దాచేపల్లి దాకా పోయింది. పొద్దున పొన్నూరు నుంచి ఫోన్, కొత్త రైస్ మిల్లు ఓపెనింగట. పొంగిపోయి, రెగ్గే ఎంతసేపు కావాలండీ, బాక్సులు ఎన్ని తేవాలండీ అని అడిగాను.

“బాక్సులు వద్దండీ, పాటలకి వేరేవాళ్ళు వస్తున్నారు,” అన్నాడాయన మర్యాదగా. “మిరపకాయలు కూడా మేమే తెప్పిస్తాం. మీరు ముక్కు తెచ్చుకుంటే చాలు.”