బస్టాండు మూల మడిగె

మా పక్క దుకాణంలో బట్టలమ్మే అతను ఏ పని చెప్పినా చెవి వెనక గోక్కుంటూ "రేపు జూద్దాం తియ్యే" అనేవాడు. అందుకే నారాయణఖేడ్ బస్టాండు ఎదుట దుకాణం పెట్టుకునే మూల మడిగె ఖాళీ అయినప్పుడు అతను నాకు పోటీ వస్తాడనుకోలేదు. ఇంకాస్త అద్దె తగ్గుతుందని యజమానిని రెండు నెలలు నానబెట్టాను. తొందరపడ్డవాడే ఎక్కువిస్తాడని మా నాన్న నేర్పిన విద్య.

ఈలోగా అతను బద్ధకం వదిలించుకోవడానికి ఫోన్‌లో కోచింగ్ మొదలుపెట్టాడు. రోజూ పొద్దున ఒక మేడం ఫోన్ చేసి, ఇవాళ చేసే ఒక్క పని, దాని టైము చెప్పమనేది. అతను జవాబిస్తూనే చెప్పులు తొడుక్కునేవాడు, ఫోన్ పెట్టేలోపు మెట్లు దిగేవాడు. నేను గల్లా దగ్గర కూర్చుని నవ్వేవాణ్ణి.

ఒక పొద్దున అలాగే దిగి, మడిగె తాళంచెవితో తిరిగొచ్చాడు.

"ఎంతకు మాట్లాడినవ్‌రా?"

"ఆయన చెప్పినంతకే అన్నా. పదకొండింటికల్లా పని గావాలని మేడంకు మాటిచ్చిన."

బేరమే చెయ్యనివాడు నన్ను గెలిచాడు. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, "ఆమె నంబర్ ఇయ్యాల్నా?" అన్నాడు.

గల్లా మూస్తూ అడిగాను: "ఫీజుల ఏమన్న తగ్గిస్తదా?"