పాత నంబరు చెరగని తెర

ఓడ టికెట్ల ఆఫీసులో ఒకే బెర్త్ రెండు కుటుంబాలకు వెళ్లిన రోజున తప్పు నాదని నేనెవరికీ చెప్పలేదు. మొన్న మా ద్వీపంలో, గోల్ ఘర్ పేటలోని మా ఇంట్లో, అమ్మాయి తన లాప్‌టాప్ నుంచి ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి వెళ్లి, బాణం మీట నొక్కితే పిచ్చి అక్షరాలు పడుతున్నాయని విసుక్కుంటుంటే, టెర్మినల్ రకం మార్చి చూడమన్నాను. సరిపోయింది. నీకెలా తెలుసు నాన్నా అంది.

తెలియజెప్పింది దీదీ. ద్వీపంలోనే పుట్టిన తెలుగావిడ, రోజూ అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో వచ్చేది, ఆఫీసంతటికీ దీదీయే. నేను చేరిన కొత్తలో తన డబ్బాలోని చేపల కూర సగం నాకు పెడుతూ యూనిక్స్ కమాండ్లు ఒక్కొక్కటీ నేర్పింది. తరువాత ఆకుపచ్చ అక్షరాల టెర్మినళ్లు తీసేసి విండోస్ కంప్యూటర్లు తెచ్చినప్పుడు, వాటిని పాత యూనిక్స్ యంత్రానికి కలిపే పని నాకిచ్చారు. కొత్త కంప్యూటర్ పాత టెర్మినల్‌లా నటించాలి, ఏ రకం టెర్మినల్‌లా అన్నది మనం చెప్పాలి. నేను అది చూడకుండా వదిలేశాను. దాంతో తెర పూర్తిగా చెరిగేది కాదు, వెనకటి ప్రయాణికుడి వివరాలు కొత్తవాటి మధ్య మిగిలిపోయేవి. కౌంటర్‌లో ఉన్న దీదీ తెర మీద కనబడ్డ బెర్త్ నంబరే టికెట్ మీద రాసింది. జెట్టీలో రెండు కుటుంబాలూ కొట్టుకున్నంత పని చేశాయి.

"కసమ్ సే సార్, ఒట్టు, తెర మీద అదే ఉంది" అని పెద్దసారుతో చెప్పి నాకేసి చూసింది. నేను ఫైలు తిప్పుతూ కూర్చున్నాను. ఆమెను కౌంటర్ నుంచి తీసేశారు, పర్మనెంట్ కావలసిన ఉద్యోగం ఆగిపోయింది.

మర్నాడు ఆమే నా సీటు దగ్గరకు వచ్చింది. "క్యా భయ్యా, నీ కొత్త పెళ్లికూతురు మొహం కడుక్కోదా?" అని కంప్యూటర్ తెర చూపించి నవ్వి, సెట్టింగులు తెరిపించి పాత టెర్మినల్ రకం పెట్టించింది. తెర శుభ్రంగా చెరిగింది. తప్పెవరిదో ఆమెకు అప్పుడే తెలుసు, ఎవరికీ చెప్పలేదు. బాగుచేశానని మెచ్చుకోలు నాకొచ్చింది, తరువాత వచ్చిన ప్రతి ప్రమోషనూ ఆ పేరు మీదే వచ్చింది.

ఇప్పుడు ఏ యంత్రం ఏ యంత్రంతో మాట్లాడాలన్నా చాలావరకు అవే సర్దుకుంటున్నాయి, పక్క సీటువాళ్లను అడిగే అవసరమే పడదు. ఆదివారం అమ్మాయిని వెంటబెట్టుకుని చాతం జెట్టీలో బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కాను. దీదీ ఇంట్లో అందరూ, ఆమె నంబరు తప్పు రాసిందనే ఇన్నేళ్లూ అనుకుంటున్న ఆమె భర్తా కొడుకూ కూడా, ఉండగానే చెప్పాను.

"నంబరు దీదీ సరిగ్గానే రాసింది. తెర చెడగొట్టింది నేను. నోరు విప్పనందుకు మాఫ్ చెయ్యి, దీదీ."